పుస్తకంలో లేని ముక్కులు

సిద్దిపేటలో నా పేరు చాలామందికి తెలియదు. "ముక్కు డాక్టరమ్మ" అంటే మాత్రం ఆటోవాళ్లు సరాసరి తీసుకొచ్చి మా గుమ్మం ముందు దింపేవారు. చదివింది చెవికీ, ముక్కుకీ, గొంతుకీ కలిపే అయినా, వచ్చినవాళ్లలో ఎక్కువమంది ముక్కు పట్టుకునే వచ్చారు. కూర్చోగానే వాళ్లు అనే మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

"మేడం, నాకు సైనస్ ఉన్నది."

కొత్తలో నేను నవ్వి, "సైనస్ అందరికీ ఉంటదమ్మా, నాకు గూడ ఉన్నది" అనేదాన్ని. ఒక పెద్దావిడ ఆ మాటకు నా వైపు జాలిగా చూసి, "అయ్యో, డాక్టరుకే తక్కువ గాకపాయె, ఇగ మాకేం తక్కువైతది" అంటూ లేచి వెళ్లిపోబోయింది. ఆ రోజుతో హాస్యం మానేసి వివరంగా చెప్పడం మొదలుపెట్టాను.

మొహం ఎముకల్లో గాలి గదులుంటాయి. బుగ్గల వెనక, కళ్ల మధ్య, నుదుటి లోపల, ఇంకా వెనక్కి పోతే తల నడిమధ్యన. వాటి పేరే సైనస్‌లు. ప్రతి గదికీ ముక్కులోకి ఒక చిన్న తలుపు ఉంటుంది. ఆ తలుపు మూసుకుపోతే లోపల ఊరే చీమిడి బయటికి రాక అక్కడే నిలిచి చెడుతుంది. నెలల తరబడి అలాగే సాగితే అది మొండి జబ్బవుతుంది. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. నాకు అన్నం పెట్టిన సంగతి మరొకటి: గదులెన్ని, గోడలెంత మందం, తలుపు ఎటు తెరుచుకుంటుంది అన్నవి మనిషికీ మనిషికీ వేరు. ఒకే మనిషిలో కుడికీ ఎడమకీ కూడా వేరు.

ఈ మధ్యనే పని మానేశాను. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఏదైనా రాయమని అడుగుతున్నారు. ఆపరేషన్ ఎలా చేయాలో చెప్పడానికి పుస్తకాలున్నాయి, వీడియోలున్నాయి. ఎవరికి చేయాలి, ఎవరికి వద్దు, చేతిని ఎక్కడ ఆపాలి అనేవి నేను మనుషుల దగ్గరే నేర్చుకున్నాను. ఆ మనుషుల గురించే రాస్తాను.

యాదమ్మ ముక్కు గియ్యి

హైదరాబాద్‌లో సర్కారు దవాఖానలో నేను పీజీ చదివేటప్పుడు మా యూనిట్ అధిపతిని అందరం పెద్ద సార్ అనేవాళ్లం. మనిషి పొట్టి. గొంతు మాత్రం వార్డు ఈ చివరి నుంచి ఆ చివరికి వినబడేది. అప్పట్లో స్కాన్ అంటే కొత్త. ఒక ఫిల్ము వచ్చిందంటే పీజీలందరం కిటికీ దగ్గర గుమిగూడి వెలుతురుకు పట్టుకుని చూసేవాళ్లం.

ఆపరేషన్‌కు ముందు సార్ ఆ ఫిల్ము తీసి సొరుగులో పెట్టేవారు. సాయం చేయబోయే పీజీ లేచి, నల్లబల్ల మీద ఆ రోగి ముక్కు లోపలి బొమ్మ గీయాలి. నా వంతు వచ్చిన మొదటి రోజు నేను చాలా శ్రద్ధగా గీశాను. కొలత తప్పకుండా, రంగు సుద్దలతో. సార్ చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు చూశారు.

"చక్కగున్నది. ఎవరిదమ్మా గిది?"

"పేషెంట్‌ది సార్."

"కాదు. పుస్తకం రాసినాయనది. మన పేషెంట్ యాదమ్మ గదా? యాదమ్మ ముక్కు గియ్యి."

బల్ల తుడిచేశారు. ఫిల్ము మళ్లీ నా చేతికిచ్చారు. ఈసారి చూస్తే ముందు కనిపించనివి కనిపించాయి. ముక్కు పక్కగోడకు మెత్తటి మడతలు వేలాడుతుంటాయి. యాదమ్మకు ఎడమవైపు మడత లోపల ఒక గాలి బుడగ ఉంది. అది ఉబ్బి పక్కనున్న తలుపును నొక్కేస్తోంది. ఇక ముక్కు కప్పు ఎడమకంటే కుడివైపు కిందికి దిగి ఉంది.

"గా కప్పు మీద ఏముంటది?" అన్నారు సార్.

"మెదడు సార్."

"ఎడమపక్క జేసిన ధీమాతోని కుడిపక్క గూడ అంతే పైకి పోతే?"

"మెదడు మీది పొర చినుగుతుంది సార్."

"మరి రెండు దిక్కుల ఒకటే ఎత్తు ఎట్ల గీసినవ్?"

ఆ రోజు యాదమ్మ ఆపరేషన్ సాఫీగా అయ్యింది. బుడగ తీసేయడంతో తలుపు తెరుచుకుంది, ఏళ్ల తరబడి పోని తలబరువు పోయింది. మిమ్మల్నీ నేను అడిగేది అదే. గీయడం వస్తే చూసినట్టు. గీయలేకపోతే చూడనట్టే. కత్తి పట్టుకున్నాక రక్తం అడ్డమొచ్చి కెమెరా తెర ఎర్రబడిన క్షణంలో గోడ మీది ఫిల్ము పనికిరాదు, తలలో ఉన్న బొమ్మే దారి చూపిస్తుంది.

సార్‌లో ఒక లోటు కూడా చెప్పాలి. ఆయన రోగితో మాట్లాడేవారు కాదు. యాదమ్మ ముక్కులో ప్రతి మూలా తెలిసిన మనిషికి, డిశ్చార్జ్ రోజు వరండాలో ఎదురుపడిన యాదమ్మ ఎవరో గుర్తు రాలేదు. రోగితో మాట్లాడటం నేను వేరేచోట నేర్చుకోవలసి వచ్చింది.

వంకర ఒక దిక్కు, చీము ఒక దిక్కు

సిద్దిపేటకు వచ్చాక మొదట ఒక ప్రైవేటు దవాఖానలో చేరాను. అక్కడి పెద్ద సర్జన్‌ను చారి సార్ అనేవాళ్లం. చేయి చాలా మంచిది, పని వేగం. అయితే రెండు పుటాల మధ్య ఉండే ముక్కుదూలం కాస్త వంకరగా కనిపిస్తే చాలు, ఆయన చేతులు ఊరుకునేవి కావు.

వర్గల్ వైపు నుంచి ఐలయ్య అనే సెంట్రింగ్ మేస్త్రి వచ్చాడు. ఏడాదిగా ముక్కు కారుతోంది, పచ్చటి చీము, భరించలేని వాసన. వెంట వచ్చిన భార్య కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, "ఒక్క కంచంల దినుడు బందైంది మేడం" అంది. అతను తల దించుకున్నాడు.

స్కాన్ చూసి చారి సార్, "దూలం వంకరున్నది. రేపు ఆపరేషన్ పెట్టుండ్రి" అన్నారు.

"సార్, వంకర ఎడమకున్నది. చీము కుడిపక్క నుంచే వస్తున్నది," అన్నాను.

"వంకర వంకరే గదమ్మా."

నేను వాదించలేదు. ఐలయ్యను పక్కకు తీసుకెళ్లి నోరు తెరవమన్నాను. కుడివైపు పైదవడలో ఒక పన్ను సగం విరిగి నల్లబడి ఉంది.

"గిది నొస్తలేదా?"

"ఎన్నడో నొచ్చి ఊకున్నది మేడం. ఇప్పుడేం లేదు."

నొప్పి ఆగిందంటే పన్ను బాగుపడిందని కాదు. చచ్చిపోయిందని. పైదవడ పళ్ల వేళ్లు బుగ్గ వెనక ఉండే గది నేలకు ఆనుకుని ఉంటాయి. కొందరిలో ఆ నేల కాగితమంత పలచన. ఐలయ్య అలాంటి మనిషి. చచ్చిన పంటి చీము నేరుగా పైగదిలోకి చేరుతోంది. స్కాన్‌లో ఆ వేరు, పైనున్న గది రెండూ కనిపిస్తూనే ఉన్నాయి. వంకర దూలం పెద్దగా కనిపించడంతో అందరి చూపూ దాని మీదే నిలిచిపోయింది.

పళ్ల డాక్టర్ ఆ పన్ను తీసేశాడు. కొన్ని వారాలు మందులు వాడాక గది ఖాళీ అయ్యింది. మళ్లీ వచ్చినప్పుడు భార్య అతని పక్కనే కూర్చుంది. దూలం వంకర అలాగే ఉంది; అది ఎవరినీ ఏమీ అనలేదు.

చారి సార్‌కు విషయం చెప్పాను. విని తల ఊపారు. తర్వాత ఒకరోజు ఆయన గది ముందు నుంచి వెళుతుంటే లోపలి నుంచి, "నోరు దెరువు, పండ్లు జూపియ్యి" అని వినబడింది. పెద్దవాళ్లు ఒప్పుకునే తీరు అదే. అంతకంటే ఎక్కువ ఆశించకండి.

బండి మీది నుంచి పడి తలకు స్కాన్ తీయించుకున్నవాళ్ల ఫిల్ములు తీరిక దొరికినప్పుడు చూడండి. ఏనాడూ ముక్కుతో బాధపడని మనుషులవి. వాళ్లలోనూ వంకర దూలాలు, గాలి బుడగలు, కంటి కింద దూరిన చిన్న గదులు కనిపిస్తాయి. కాబట్టి తేడా కనిపించిన ప్రతిసారీ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ తేడా, ఈ మనిషి జబ్బుపడిన గది తలుపుకే అడ్డం పడుతోందా? పడుతుంటే తీసేయండి, వెనకాడొద్దు. నేను అలా తీసి బాగుచేసినవాళ్లు ఈ జిల్లా అంతటా ఉన్నారు. పడకపోతే దాని మానాన దాన్ని వదిలేయండి.

వెలిసిపోయిన ఎరుపు

తర్వాత నేను సొంతంగా క్లినిక్ పెట్టుకున్నాను. చివరి సంవత్సరాల్లో డాక్టర్ శ్రావణి నాతో పనిచేసింది. తెలివైన అమ్మాయి, చేతిలో నేర్పు ఉంది, కాస్త తొందర కూడా ఉంది. మేమిద్దరం కలిసి చూసిన కేసుల్లో రాజేశ్వరిది వివరంగా చెప్పాలి.

రాజేశ్వరికి బట్టల బజారు దగ్గర చిన్న దుకాణం. జాకెట్లకు మగ్గం వర్క్ చేస్తుంది: గుడ్డను చట్రానికి బిగించి, సూదితో పూసలూ జరీ కుడుతుంది. నలభై దాటిన మనిషి. భర్త మల్లేశం ట్రాలీ ఆటో నడుపుతాడు. ఆమెకు కుడికన్ను వెనక నొప్పి ఏళ్లుగా ఉంది. ఎక్కడో ముక్కుదూలం ఆపరేషన్ కూడా చేయించుకుంది. దూలం నిటారుగా అయ్యింది, నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆ ఉదయం ఆమెను శ్రావణి ముందు చూసింది. ఎండోస్కోప్ అనే సన్నటి కెమెరా గొట్టం పెట్టి చూస్తే ముక్కు శుభ్రంగా ఉంది. చీము లేదు, కండ లేదు. "ముక్కులో ఏం లేదు మేడం, మైగ్రేన్ అనుకుంటున్నాను," అంటూ ఆమెను నా గదికి తీసుకొచ్చింది.

"ఇప్పుడు కొత్తగ ఏమైంది రాజేశ్వరీ? ఇన్నేండ్లు ఓర్చుకున్నవ్, ఇయ్యాల ఎందుకొచ్చినవ్?" అన్నాను. పాత జబ్బుతో వచ్చిన ప్రతి మనిషినీ నేను ఇదే అడుగుతాను.

ఆమె కాసేపు తటపటాయించింది. "ఒకామె జాకిట్ వాపస్ తెచ్చింది మేడం. ఎర్రదారం బదులు గులాబీ దారం కుట్టినవన్నది. నేను ఎర్రదే అనుకున్న. అద్దాలు మార్పిచ్చుకున్న గని, కుడికన్ను ఇంకా మసకనే ఉన్నది."

నా బల్ల మీద ఒక మందు సీసా ఉంది, దానికి ఎర్ర మూత. ఎడమకన్ను మూయించి చూపించాను, తర్వాత కుడికన్ను మూయించి చూపించాను.

"ఏమన్న ఫరక్ ఉన్నదా?"

"ఉన్నది మేడం. గీ ఎడమ కన్నుకు మంచిగ ఎర్రగున్నది. కుడికన్నుకు ఉతికి ఉతికి ఎలిసిపోయిన గుడ్డ లెక్కున్నది."

కంటి నరం నలుగుతుంటే ముందు పోయేది ఎరుపే. టార్చి తీసి ఒక కంటి నుంచి మరో కంటికి మార్చి మార్చి వెలుగు వేశాను. వెలుగు పడితే కంటిపాప చిన్నదవ్వాలి. కుడికంటిది చిన్నదవడానికి బదులు పెద్దదైంది. వెలుగు పడుతున్న సంగతి ఆ నరం మెదడుకు సరిగ్గా చెప్పడం లేదు. గోడ మీది అక్షరాల పట్టికలో కుడికంటితో పై రెండు వరుసలే చదవగలిగింది.

శ్రావణి మొహం మారిపోయింది. నేను ఆమెతో ఒక్కటే అన్నాను: "ముక్కు ముందు గదులు శుభ్రంగ ఉన్నయని చెప్పినవ్, మంచిదే. వెనక గదులు కెమెరాకు కనవడయి. స్కాన్ రాయి."

మల్లేశం అప్పటిదాకా గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. "మేడం, ముక్కుకు, కంటికి ఏం సంబంధం?" అన్నాడు.

"అదే జూద్దాం," అన్నాను.

నిండిన గది ఏది?

మధ్యాహ్నానికి స్కాన్ వచ్చింది. రిపోర్టులో, తల నడిమధ్యన ఉండే స్ఫినాయిడ్ అనే గదిలో ద్రవం నిండి ఉందని రాశారు. శ్రావణి ఉత్సాహంగా, "దొరికింది మేడం! స్ఫినాయిడ్ తలుపు తెరిస్తే అయిపోతుంది," అంది.

"రిపోర్టు పక్కన పెట్టు. ముందు నుంచి వెనక్కి ఒక్కొక్క బొమ్మ జరుపు. నిండిన గది ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపెట్టు."

ఆమె నెమ్మదిగా జరుపుతూ పోయింది. కళ్ల మధ్య ఉండే చిన్న గదుల వరుస వచ్చింది. వాటిలో చివరిది ఎప్పటిలా అక్కడితో ఆగలేదు. వెనక్కి, పైకి సాగి, స్ఫినాయిడ్ నెత్తిన ఎక్కి కూర్చుంది. నిండింది ఆ గదే. కింద అసలు స్ఫినాయిడ్ చిన్నగా, ఖాళీగా, శుభ్రంగా ఉంది.

శ్రావణి వేలు ఆగిపోయింది. "ఒనోడి సెల్," అంది మెల్లగా.

పుస్తకంలో దాని పేరు అదే. పుట్టుకతో కొందరికి ఉంటుంది, చాలావరకు ఏ హానీ చేయదు. అయితే కంటి నరం ఆ గది పక్కగోడలోంచే వెళుతుంది. రాజేశ్వరికి ఆ గది తలుపు ఎప్పుడో మూసుకుపోయింది. లోపల ద్రవం పేరుకుని, ఉబ్బి, గోడ ఎముకను అరగదీసింది. నరానికీ ద్రవానికీ మధ్య ఇప్పుడు ఎముక లేదు.

"స్ఫినాయిడ్ తెరిచి ఉంటే?" అన్నాను.

"ఖాళీ గది కనిపించేది మేడం. ఇంకా ఉందేమోనని పైకి పొడిచేదాన్ని." ఆమె వేలు తెర మీద నరం దగ్గరికి వెళ్లింది.

స్కాన్ చదివిన డాక్టర్‌కు ఫోన్ చేశాను. ఆయన మళ్లీ చూసి వెంటనే, "మీరు చెప్పింది నిజం మేడం. కన్ను పోతున్నదని తెలిస్తే నేను గా గోడనే ముందు చూద్దును," అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేం. మేం పంపిన చీటీలో "తలనొప్పి, సైనస్" అని మాత్రమే ఉంది. స్కాన్ గదికి రోగిని పంపేటప్పుడు మీ అనుమానాన్ని కూడా పంపండి. అది లేకుండా ఎంత మంచి కళ్లయినా వెతకాల్సిన చోటు వెతకవు.

ఇవ్వాళా, రేపా

మల్లేశానికి బొమ్మ చూపించి అంతా చెప్పాను. హైదరాబాద్ వెళ్లాలన్నాను. అతను ఒప్పుకోలేదు.

"మీరే జెయ్యున్రి మేడం. గాడ మమ్ముల ఎవలు పట్టిచ్చుకుంటరు?"

నేను చేయగలనన్న ధైర్యం నాకుంది. అలాంటి గదులు అంతకుముందు తెరిచాను. అయితే ఈ గదికి ఒక పక్క నరం, దాని కింద మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం ఉన్నాయి. ఏదైనా జరిగితే ఆదుకునే న్యూరోసర్జన్ ఆ పూట మా ఊళ్లో లేడు. పనిముట్టు కొన ఎక్కడుందో స్కాన్ మీద చూపించే యంత్రం మా దగ్గర లేదు. చేయి ఎంత గట్టిదైనా, పడితే పట్టుకునేవాళ్లు లేనిచోట ఎక్కకూడదు.

"నేను గూడ వస్త. మీతోనే ఉంట," అన్నాను. అప్పుడు లేచాడు.

వాపు తగ్గే ఇంజెక్షన్ ఇచ్చి, కారులో బయలుదేరాం. నేనూ రాజేశ్వరీ వెనక, మల్లేశం ముందు. దారిలో అతను, పొద్దటి నుంచి ఏమీ తినని భార్యకు బిస్కెట్ల పొట్లం కొన్నాడు. నేను తీసేసుకున్నాను. ఆపరేషన్ అంటే కడుపు ఖాళీగా ఉండాలి, అది ఆ రోజే జరగాలని నా మనసులో ఉంది. హైదరాబాద్ దగ్గరపడుతుండగా రాజేశ్వరి అడిగింది.

"కన్ను పోతదా మేడం?"

"పోదని మాట ఇయ్యలేను. జల్ది తీస్తే మల్ల వచ్చే అవకాశం బాగున్నది. అందుకే ఉరుకుతున్నం."

ఆమె చెయ్యి నా చేతి మీద పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. అబద్ధం చెప్పి ధైర్యం ఇచ్చేవాళ్లను నేను చాలామందిని చూశాను. ఆ ధైర్యం ఆపరేషన్ గది గుమ్మం దాకా కూడా రాదు.

అక్కడ డాక్టర్ కిషన్ మా కోసం చూస్తున్నాడు. నాకు పీజీలో జూనియర్, ఇప్పుడు ఒక పెద్ద దవాఖానలో ముక్కు విభాగం అధిపతి. ఇంకో స్కాన్ తీయించాడు. మేమనుకున్నదే అందులోనూ కనిపించింది.

"రేపు పొద్దున మొదటి కేసు మేడం. ఇవ్వాళ థియేటర్ ఖాళీ లేదు, టీం కూడా అలసిపోయింది," అన్నాడు. అతను నిర్లక్ష్యంగా అన్న మాట కాదు. అలసిన చేతులతో చేయొద్దనుకోవడం తప్పు కూడా కాదు.

"ఒక్కసారి ఆమెను చూసి చెప్పు," అన్నాను.

మంచం దగ్గరికి తీసుకెళ్లాను. కిషన్ ఆమె ఎడమకన్ను మూసి, తన వేళ్లు చూపించాడు. "ఎన్ని వేళ్లమ్మా?"

"చెయ్యి కదుల్తున్నట్టున్నది సార్. ఏళ్లు కనవడ్తలెవ్వు."

పొద్దున అక్షరాలు చదివిన కన్ను అది. మల్లేశం గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కిషన్ బయటికి వెళ్లాడు. కాసేపటికి తిరిగి వచ్చి, "మత్తు డాక్టర్‌తో మాట్లాడిన. పొద్దటి నుంచి ఏమన్న తిన్నదా?" అన్నాడు.

"లేదు."

"అయితే పదండి మేడం. మీరు చేస్తరా?"

"నీ యంత్రం నీ చేతికి అలవాటు. నువ్వు చెయ్. నేను పక్కన నిలబడి బొమ్మ చూస్త."

కిషన్ చేయి చూడముచ్చటగా ఉంది. కళ్ల మధ్య గదులు ఒకదాని తర్వాత ఒకటి తెరుస్తూ వెనక్కి వెళ్లాడు. చివరి గోడకు చిన్న రంధ్రం పెట్టగానే చిక్కటి ముదురు ద్రవం తోసుకుంటూ బయటికి వచ్చింది. ఏళ్ల ఒత్తిడి అది. పీల్చేసి, తలుపును వెడల్పు చేశాడు. లోపల పక్కగోడ మీద వాచిన పొర మిగిలి ఉంది. దాన్ని శుభ్రం చేయడానికి పనిముట్టు అటు తిప్పాడు.

"కిషన్, ఆ గోడ జోలికి పోకు."

"కొంచెం పొర ఉంది మేడం."

"ఉండనీ. గది ఖాళీ అయింది, తలుపు తెరుచుకుంది. పొర దానంతట అదే చక్కబడతది. దాని వెనక ఎముక లేదు."

అతను చేయి వెనక్కి తీసుకున్నాడు. ఆ ఒక్క కదలికకు నేను అతనికి ఇప్పటికీ దండం పెడతాను. తన థియేటర్‌లో, తన వాళ్ల ముందు, మరొకరు ఆపమంటే ఆపగలిగిన సర్జన్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

మర్నాడు ఉదయం ముక్కులో దూది తీశాక, కిషన్ మళ్లీ వేళ్లు చూపించాడు.

"మూడు," అంది రాజేశ్వరి. తర్వాత మల్లేశం వైపు తిరిగి, "గడ్డం గీసుకోవైతివి, గిట్లనే దవాఖానకొస్తరా?" అంది. అతను మొదట నవ్వాడు. ఆ తర్వాత బయటికి వెళ్లి చాలాసేపు రాలేదు.

చూపు కొద్దికొద్దిగా తిరిగొచ్చింది. పూర్తిగా రాలేదు. కుడికంటికి ఒక అంచున కాస్త మబ్బు మిగిలిపోయింది, అది పోదు. తలనొప్పి మాత్రం పోయింది. సన్నపూసల పని పగటి వెలుతురులోనే చేసుకుంటోంది, దుకాణం నడుస్తోంది.

సూటిగా కొన్ని మాటలు

శ్రావణి ఇప్పుడు నా క్లినిక్‌ను తనే చూసుకుంటోంది. ఆమెకు నేను చెప్పినవే మీకూ చెబుతున్నాను. ముక్కు శుభ్రంగా కనిపించి, మనిషి మాత్రం బాధ ఉందంటే, మనిషినే నమ్మండి. రోగి చెప్పే మాటల్లో పనికిరానిదిగా అనిపించేదాన్ని తోసేయకండి. దారం రంగు గురించి చెప్పుకోవడానికి రాజేశ్వరి సిగ్గుపడింది, రోగమంతా ఆ మాటలోనే ఉంది.

పెద్ద ఊళ్లో పెద్ద దవాఖానకు రోగిని పంపడం చిన్నతనం కాదు. పంపి చేతులు దులుపుకోవడమే చిన్నతనం. కుదిరితే వెంట వెళ్లండి, కుదరకపోతే ఫోన్ పట్టుకుని కూర్చోండి. మీ రోగి సంగతి మీకు తెలిసినంతగా అక్కడివాళ్లకు తెలియదు.

ఇంకొకటి. ఈ వృత్తిలో ఆపరేషన్ చేసినందుకే పేరొస్తుంది, చేయనందుకు రాదు. "గా డాక్టరమ్మకు చేతగాక వద్దన్నది" అని నన్ను అన్నవాళ్లూ ఉన్నారు. అననివ్వండి. వాళ్ల ముక్కులు బాగానే ఉన్నాయి, నాకు అది చాలు.

చివరి వారం

నేను పని మానేసే వారంలో రాజేశ్వరి వచ్చింది. ఈసారి మల్లేశం కాదు, ఇంటర్ చదివే కూతురు కావ్య వెంట ఉంది. ఆ అమ్మాయి మొహం చిటపటలాడుతోంది.

"మేడం, మీరు పోకముందే దీని తలకాయ స్కాన్ తీపియ్యున్రి. నా లెక్క దీనికి గూడ గా అర్ర ఉంటే ముందుగాల్నే తీసేయుండ్రి." తన తలలోని ఆ గదినే ఆమె అర్ర అంటోంది.

"నాకేం లేదు మేడం. అమ్మనే గుంజుకొచ్చింది," అంది కావ్య.

"తలకాయ నొస్తదా?"

"లేదు."

"ముక్కు బందవుడు, వాసన తెల్వకపోవుడు?"

"గల్లీ అవతల బిర్యానీ వండితే ఇంట్ల కూసొని చెప్త మేడం."

ముక్కు చూశాను, కళ్లలో టార్చి వేసి చూశాను, గోడ మీది పట్టిక చదివించాను. కిందివరుస దాకా గడగడా చదివేసింది.

"స్కాన్ వద్దు రాజేశ్వరీ. గా అర్ర ఎంతోమందికి ఉంటది. ఉన్నట్టు గూడ తెల్వకుండ బతుకుతరు. దీనికి ఉంటే ఉండనీ, లేకుంటే లేకపోనీ."

"మరి రేపు నిండితే?"

"నిండితే ఊకోదు, చెప్తది. తలకాయ నొస్తది, చూపు మసకయితది. గప్పుడు ఒక్కదినం గూడ ఆగకుండ్రి. శ్రావణి మేడం ఈడనే ఉంటది."

రాజేశ్వరికి నమ్మకం కుదరలేదు. కుర్చీలోంచి లేవలేదు. "గోలీలన్న రాయున్రి మేడం. ఊకెనే పంపుతరా?"

"మంచిగున్న పిల్లకు ఏం రాయాలె?"

ఆమె నన్ను చూసింది, కూతురిని చూసింది. లేచి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ కూతురి భుజం మీద చెయ్యేసింది.

"నడువు బిడ్డా. నీకేం లేదంట."

"నేను పొద్దటిసంది గదే చెప్తున్న," అంది కావ్య.